మా హాల్లో ఆరు పిన్నుల పంచాయితీ

మా బావమరిది అమెరికా నుంచి వస్తే మామూలుగా చాక్లెట్లు, బాదంపప్పులు తెస్తాడు. పోయినసారి కొండకు దర్శనానికి వచ్చినప్పుడు మాత్రం బరువైన అట్టపెట్టె ఒకటి నా చేతిలో పెట్టాడు. "ఇల్లు మారుతున్నాం బావా. పారేయడానికి మనసొప్పలేదు. నీ దగ్గర హోమ్ థియేటర్ ఉంది కదా, నువ్వయితే వింటావు" అన్నాడు. విప్పితే 18 డిస్కులు. చూడడానికి సీడీలే, కానీ డబ్బాల మూలలు గుండ్రంగా ఉన్నాయి. మీద 'సూపర్ ఆడియో సీడీ' అని, వెనక 'మల్టీ ఛానల్' (ఒక్కో స్పీకర్‌కి ఒక్కో వాటా శబ్దం) అని ముద్ర.

నేను కామర్స్ పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ని. డెబిట్, క్రెడిట్ తప్ప ఎలక్ట్రానిక్స్ తెలియదు. పాటల పిచ్చి మాత్రం దండిగా ఉంది. తిరుపతి బైరాగిపట్టెడలో మా హాలు 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. అందులో 2006లో కొన్న రిసీవర్ (శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంచే పెట్టె), చుట్టూ అయిదు చిన్న స్పీకర్లు, మూలన కింది స్వరాలు పలికే వూఫర్ ఒకటి. సినిమా డీవీడీ ప్లేయర్ నుంచి రిసీవర్‌కి ఆప్టికల్ కేబుల్ (శబ్దాన్ని వెలుగుగా పంపే తీగ) ఒకటి. ఆ ఒక్క తీగతోనే అన్ని స్పీకర్లూ మోగేవి. ఈ డిస్కులు కూడా అంతేలే అనుకున్నాను. ఆ 'అంతేలే' నాకు రెండు నెలలు పట్టింది.

మొదట పాత ప్లేయర్‌లోనే పెట్టి చూశాను. పాడింది, కానీ ముందున్న రెండు స్పీకర్లలోనే. తర్వాత తెలిసిందేమంటే, ఈ డిస్కుల్లో చాలావాటికి రెండు పొరలుంటాయి. ఒకటి మామూలు సీడీ పొర, అది ఏ ప్లేయర్‌కైనా అందుతుంది. రెండోది అసలు సరుకున్న పొర. దాన్ని చదవాలంటే అందుకని చేసిన ప్లేయరే కావాలి. సోనీ, ఫిలిప్స్ కలిసి 1999లో తెచ్చిన పద్ధతి ఇది. మన వైపు ఇంటింటికీ వచ్చింది కాదు కాబట్టి తిరుపతి షాపుల్లో అడిగితే నన్నే వింతగా చూశారు. చివరికి చెన్నైలో ఒకాయన పాతది అమ్ముతున్నాడని తెలిసి వెళ్లాను. ప్లేయర్‌ని దుప్పట్లో చుట్టి, సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. పక్కన కూర్చున్నామె రేణిగుంట దాకా ఆ మూటను అనుమానంగా చూస్తూనే ఉంది.

ఇంటికొచ్చీ రాగానే ఆప్టికల్ కేబుల్ తగిలించి డిస్కు పెట్టాను. తెర మీద నిమిషాలు, సెకన్లు కదులుతున్నాయి. శబ్దం సున్నా. సినిమా డీవీడీ పెడితే మోగుతోంది. మళ్లీ బావమరిది డిస్కు పెడితే మౌనం. పాతది అంటగట్టాడని చెన్నై ఆయన్ని మనసులో నాలుగు తిట్టాను. పాపం, ఆయన తప్పేం లేదు. ఆప్టికల్ తీగలో పట్టేది రెండు ఛానళ్ల మామూలు డిజిటల్ శబ్దం, లేకపోతే సినిమాల్లో వాడే కుదించిన అయిదుంపావు లెక్క. (అయిదు స్పీకర్లు, ఒక వూఫర్ ఉండే 5.1ని మా ఇంట్లో అట్లాగే అంటాం, పాయింట్ వన్‌కి ఎంతోకొంత విలువ ఇవ్వాలి కదా.) ఈ డిస్కులోని శబ్దం అందులో పట్టదు. పైగా కాపీ కొడతారనే భయంతో డిజిటల్ రూపంలో బయటికి పోనివ్వకుండా కంపెనీలే కట్టడి పెట్టాయి. 2005లో హెచ్‌డీఎంఐ (బొమ్మనూ శబ్దాన్నీ డిజిటల్‌గా ఒకే తీగలో పంపే పద్ధతి) 1.2 వచ్చాక దానికి దారి దొరికింది. నా రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ అనే కన్నమే లేదు.

ఇక మిగిలిన దారి అనలాగ్, అంటే శబ్దాన్ని అంకెలుగా కాకుండా అలలుగా పంపడం. ప్లేయర్ వెనక ఆరు ఆర్‌సీఏ (గుండ్రటి పిన్ను దిగే) కన్నాలు, రిసీవర్ వెనక 'మల్టీ ఛానల్ ఇన్' అని ఇంకో ఆరు. ముందు ఎడమ, ముందు కుడి, సెంటర్, వూఫర్, వెనక ఎడమ, వెనక కుడి. డిస్కులోని అంకెలను ప్లేయరే శబ్దంగా మార్చి, ఒక్కో స్పీకర్ వాటాను ఒక్కో తీగలో పంపుతుంది. రిసీవర్ దాన్ని పెద్దది చేసి స్పీకర్లకు తోస్తుంది, అంతే.

ఆరు తీగలూ కలిసి వచ్చే రంగురంగుల కట్ట ఉంటుందట. గాంధీ రోడ్డులో నాకు దొరకలేదు. షాపు అబ్బాయి ఎరుపు, తెలుపు పిన్నులున్న మామూలు స్టీరియో జతలు మూడు ఇచ్చాడు. మూడూ ఒకేలా ఉంటే బల్ల వెనక చీకట్లో ఏది ఏదో ఎలా తెలియాలి? గోవిందరాజస్వామి గుడి ముందు దారాలమ్మే ఆమె దగ్గర ఎర్రదొకటి, నల్లదొకటి కొన్నాను. చేతికి కట్టుకోవడానికి అనుకుని "ఎవురికి సామీ, పిలకాయలకా?" అని అడిగింది. కేబుళ్లకని చెప్పలేక తలూపాను. ముందు స్పీకర్ల జతకు దారం లేదు, వెనక స్పీకర్లకు ఎర్ర దారం, సెంటరూ వూఫరూ ఉన్న జతకు నల్ల దారం. ఏర్పాటు బాగుంది అనుకున్నాను. నల్ల దారం జతలో తెలుపు సెంటరా, ఎరుపు సెంటరా అన్నది మాత్రం రాసుకోలేదు.

టీవీ బల్లకీ గోడకీ మధ్య జానెడు సందు. అందులో ఒక చెయ్యే దూరుతుంది. మా ఆవిడ టార్చి పట్టింది. నేను చెంప గోడకు ఆనించి, వేలి కొసలతో కన్నం తడిమి పిన్ను నొక్కుతున్నాను. ఆర్‌సీఏ పిన్ను పూర్తిగా దిగినప్పుడు చిన్న బిగువు తగులుతుంది. సగం దిగినా దిగినట్టే ఉంటుంది, గంట తర్వాత గరగర మొదలవుతుంది. అందుకే ఒక్కోదాన్నీ కొంచెం తిప్పుతూ నొక్కాలి. రిసీవర్ ఆపి ఉన్నప్పుడే ఈ పని చెయ్యాలి, లేకపోతే పిన్ను తగిలిన క్షణాన స్పీకర్ గుండె అదిరేట్టు 'ధబ్' మంటుంది. ఆరో పిన్ను దిగేసరికి మోచేతి దగ్గర సున్నం, నుదుటి మీద సాలెగూడు.

డిస్కు పెట్టాను. వయొలిన్లు గది నిండా పరుచుకున్నాయి. ఆహా అనుకునేలోపు పాడే ఆమె గొంతు వచ్చింది, కడవలో తల పెట్టి పాడుతున్నట్టు, అదీ మూలనున్న వూఫర్‌లోంచి. మా ఆవిడ టార్చి ఆపి, "ఇందుకేనా చెన్నై దాకా పొయ్యొచ్చింది?" అంది. నల్ల దారం జత తారుమారైంది. సెంటర్‌కి పోవాల్సిన గొంతు వూఫర్‌కి పోయింది. వూఫర్ కింది స్వరాలను మాత్రమే పలుకుతుంది కాబట్టి మాటలన్నీ ముద్దముద్దగా వస్తున్నాయి. మళ్లీ సందులో చెయ్యి దూర్చి మార్చాను. ఈసారి సెంటర్ తీగకు పసుపు దారం కూడా కట్టాను.

గొంతు సరైన చోటికి వచ్చింది. అప్పుడు వినిపించింది అసలు తలనొప్పి. పాట ఆగినప్పుడల్లా స్పీకర్లన్నింట్లో సన్నగా గుమ్ మనే మోత, తేనెపట్టు దగ్గర చెవి పెట్టినట్టు. వాల్యూమ్ పెంచితే అదీ పెరుగుతోంది. ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్ విని, "ఏం లేదు సార్, వూఫర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే పోతాది" అన్నాడు. పోతుంది, నిజమే. కానీ ఎప్పుడైనా లోపల కరెంటు బాడీకి తగిలితే, తోవ లేక ముట్టుకున్నవాళ్లలోంచి పోతుంది. ఎర్త్ పిన్ను ఉన్నది అందుకే. వద్దని చెప్పి పంపించేశాను.

తిలక్ రోడ్డు వెనక సందులో యాంప్లిఫైయర్లు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు పెళ్లిళ్లకు, ఆర్కెస్ట్రాలకు సెట్లు కట్టిన మనిషి. ఫోన్‌లో ఆ మోత రికార్డు చేసి వినిపించాను. చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇది కరెంటు గుమ్ము సామీ. సెట్టులో లేదు, తీగల్లో ఉండాది. ఒక్కొక్క తీగా పీకతా రా. ఏది పీకితే ఆగుతాదో అదే దొంగ" అన్నాడు. డబ్బులేమైనా ఇవ్వాలా అని అడిగితే కాఫీ తాగి పొమ్మన్నాడు.

ఆరు పిన్నులూ ఒకటొకటిగా పీకాను. ఆగలేదు. టీవీ నుంచి వచ్చే తీగ పీకాను. ఆగలేదు. చివరికి సెట్‌టాప్ బాక్సు వెనక మరతో బిగించిన కేబుల్ టీవీ వైరు ఊడదీశాను. టక్కున నిశ్శబ్దం. మన కరెంటు 50 సైకిల్స్‌లో ఆడుతుంది, ఆ మోత దాని నుంచే పుడుతుంది. కేబుల్ టీవీ వైరు వీధి స్తంభాల మీదుగా వస్తూ తన గ్రౌండును, అంటే ఎర్త్‌ను, తనతో తెస్తుంది. మా వూఫర్‌కి గోడ ప్లగ్గులో ఇంకో ఎర్త్ ఉంది. ఈ రెంటి మధ్య కొంచెం తేడా ఉన్నా, మధ్యలోని ఆడియో తీగల పైతొడుగు గుండా కరెంటు పారుతుంది. అనలాగ్ తీగ ఆ కరెంటును కూడా పాటతో కలిపి పాడేస్తుంది. ఆప్టికల్ తీగలో పోయేది వెలుగు కాబట్టి ప్లేయర్, రిసీవర్‌ల మధ్య దానితో ఈ గొడవే ఉండదు. ఆ మోత మరి నాకు ఇన్నేళ్లూ ఎందుకు వినిపించలేదంటే, సెట్‌టాప్ బాక్సు ఆడియోని రిసీవర్‌కి ఇచ్చింది కూడా ఆ వారమే. కేబుల్ వైరుకు మధ్యలో గ్రౌండును వేరుచేసే ఐసొలేటర్ ఒకటి తెప్పించి బిగించాను. సామానంతటికీ కరెంటు ఒకే స్పైక్ బస్టర్ నుంచి ఇచ్చాను. మోత పోయింది.

ఇక అంతా అయిపోయినట్టేనని వారం రోజులు విన్నాను. ఏదో వెలితి. సినిమాల్లో నేల అదిరించే వూఫర్ ఈ డిస్కులకు నోరు విప్పడం లేదు. దగ్గరికి వెళ్లి దాని కోన్ (శబ్దానికి ఊగే గరాటు) మీద వేలు ఆనిస్తే చలనం లేదు. డబుల్ బేస్ (నిలువెత్తు వయొలిన్ లాంటిది) వాయించేవాడు వేలితో లాగుతున్నాడని తెలుస్తోంది గానీ, ఆ తీగ బరువు గదిలోకి రావడం లేదు. ఉప్పు లేని పప్పు. రిసీవర్ మెనూలోకి వెళ్లి స్పీకర్లు 'చిన్నవి' అని ఉందో లేదో చూశాను. ఉంది. వూఫర్ 'ఉంది' అని ఉంది. లెవెల్ పెంచాను, తగ్గించాను. తేడా లేదు. రిమోట్‌లో ఏ సరౌండ్ మోడ్ నొక్కినా తెర మీద 'మల్టీ ఛానల్' అన్న అక్షరాలు కదలకుండా ఉన్నాయి. బేస్, ట్రెబుల్ మీటలు నొక్కినా అంతే. గడియారం ఆగిపోయిన ఇంట్లో కూర్చున్నట్టు అనిపించింది.

రిసీవర్ పుస్తకం 80 పేజీలు. అందులో చిన్న అక్షరాల్లో ఒకే ఒక్క వాక్యం చూశాక అంతా తెల్లవారింది. మల్టీ ఛానల్ ఇన్‌పుట్ ఎంచుకుంటే స్పీకర్ సెట్టింగులేవీ పనిచేయవు. అంటే అక్కడ రిసీవర్‌కి బుర్ర లేదు, కండలు మాత్రమే. సినిమాకి ఆప్టికల్‌లో వచ్చినప్పుడు, ఇవి చిన్న స్పీకర్లు, వీటికి కింది స్వరాలు చేతకావు అని తెలుసుకుని ఆ భాగాన్ని రిసీవరే వూఫర్‌కి మళ్లించేది. ఇప్పుడు ఆ మళ్లింపు లేదు. అరచేతి వెడల్పు స్పీకర్ల దగ్గరికి డబుల్ బేస్ మొత్తం వెళ్లి, అవి పలకలేక మింగేస్తున్నాయి. వూఫర్‌కి వచ్చేది డిస్కులో దానికోసం విడిగా రాసిన ఛానల్ మాత్రమే. సినిమాల్లో బాంబులకు ఆ ఛానల్ నిండుగా ఉంటుంది. సంగీతం డిస్కుల్లో చాలాసార్లు అందులో ఏమీ ఉండదు. నా వూఫర్ మూగది కాదు, దానికి ఎవరూ పని చెప్పలేదు.

అయితే ఆ పని చెప్పాల్సింది ప్లేయర్. దాని మెనూలో కూడా స్పీకర్ల పేజీ ఒకటుంది, నేను ఎప్పుడూ తెరవలేదు. అయిదు స్పీకర్లూ 'పెద్దవి' అని ఉన్నాయి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి లెక్క. అన్నింటినీ 'చిన్నవి' చేశాను. నా ప్లేయర్‌లో కింది స్వరాలను విడదీసే గీత 80 హెర్ట్జ్ దగ్గర ఉంది, మార్చడానికి లేదు. వూఫర్ వెనక కూడా అలాంటి గీత మీట ఒకటుంది. దాన్ని చివరంటా తిప్పేశాను, రెండు చోట్ల కోత పడకుండా.

అయినా సూపర్ ఆడియో డిస్కుకి మార్పు లేదు. డీవీడీ పాటలకైతే వూఫర్ లేచింది, దీనికి మాత్రం లేవదు. ఇంకో సాయంత్రం పోయాక ఇంకో మెనూలో సమాధానం దొరికింది. ఈ డిస్కులో శబ్దాన్ని రాసే తీరు వేరు. మామూలు సీడీ సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతనూ 16 బిట్లలో రాస్తుంది. ఇది సెకనుకు 28,22,400 సార్లు చూస్తుంది, ప్రతిసారీ ఒకే ఒక్క బిట్. అవునా, కాదా అన్నట్టు. దీన్ని డీఎస్‌డీ అంటారు. అలాంటి ఒంటి బిట్టు వరుస మీద కూడికలు, తీసివేతలు, కోతలు చేయడం కష్టం కాబట్టి చాలా ప్లేయర్లు దాన్ని ముట్టుకోకుండా అలాగే బయటికి వదిలేస్తాయి. ముందు మామూలు సీడీలో వాడే పీసీఎం లెక్కలోకి మార్చుకుంటేనే బేస్ మళ్లింపు, దూరాల సర్దుబాటు కుదురుతాయి. 'డీఎస్‌డీ' అని ఉన్నదాన్ని 'పీసీఎం' చేశాను. రెండో సెకన్లో కోన్ మీద ఆనించిన నా వేలు కదిలింది.

నా స్నేహితుడు ఒకడికి ఈ విషయం చెబితే చెవులు మూసుకున్నాడు. డీఎస్‌డీని మార్చడమంటే తీర్థంలో ట్యాంకర్ నీళ్లు కలపడమేనట. ఒక ఆదివారం పిలిచి కూర్చోబెట్టి, చెప్పకుండా అటూ ఇటూ ఆరుసార్లు మార్చాను. మార్చకుండా ఉన్నది ఏదో చెప్పమంటే ప్రతిసారీ వూఫర్ మోగిన దాన్నే చూపించాడు. నేను నిజం చెప్పాక కాఫీ బాగుందన్నాడు.

వూఫర్ మోగుతోంది గానీ బలం చాలలేదు. దానిక్కూడా కారణం ఉంది. వూఫర్ కోసం విడిగా ఉండే ఆ ఛానల్‌ను డిస్కులో 10 డెసిబెల్స్ తగ్గించి రాస్తారు, వినేటప్పుడు అంత పెంచుకోవాలి. సినిమా డిస్కుకి ఆ పెంపు రిసీవర్ తనంతట తానే చేస్తుంది. అనలాగ్‌లో అది మన పని. ఇది తెలియక ముందు నేను చేసిన ఘనకార్యం, వూఫర్ వెనక వాల్యూమ్ మీటనే బాగా తిప్పేయడం. పాటలు అద్భుతంగా వచ్చాయి. ఆ ఆదివారం పిల్లలు సినిమా డీవీడీ పెట్టారు, ఆప్టికల్‌లో. మొదటి ఫైటులో హీరో లారీని తన్నాడు. వంటింట్లో స్టీలు గ్లాసులు గలగలమని, స్టాండు మీది పళ్లెం ఒకటి కింద పడి చాలాసేపు గిరగిరా తిరిగింది. కింది పోర్షన్‌లో ఉండే ఆయన పైకొచ్చి, "ఏమన్నా పడిందా సార్?" అని తలుపు దగ్గర నిలబడ్డాడు. తర్వాత రిసీవర్ పుస్తకంలోనే దొరికింది. ఆ మల్టీ ఛానల్ ఇన్‌పుట్ వరకే వూఫర్‌ని 10 డెసిబెల్స్ పెంచే సెట్టింగు విడిగా ఉంది. మిగిలినవన్నీ ఆగిపోయిన చోట అదొక్కటే పనిచేస్తుంది. దాన్ని పెట్టి, వెనక మీటను పాత గీతకు తెచ్చేశాను.

చివరి పని కొలతలు. ముందు స్పీకర్లు సోఫాకి 9 అడుగుల దూరంలో, వెనకవి నాలుగున్నర అడుగుల్లో ఉన్నాయి. శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది కాబట్టి అడుగుకి దాదాపు ఒక మిల్లీసెకను. అంటే వెనక శబ్దం నాలుగు మిల్లీసెకన్లు ముందే చెవిలో పడుతోంది. అందుకే చప్పట్లన్నీ మెడ వెనక మోగినట్టుండేవి. మేస్త్రీ టేపుతో కొలిచి ప్లేయర్ మెనూలో ఒక్కో దూరం రాశాను, దగ్గరివాటిని అదే ఆపి పంపుతుంది. వెనక స్పీకర్లు తలకు సుమారు 110 డిగ్రీల పక్కకు ఉండాలంటారు. ఎడమది కుదిరింది. కుడిది అక్కడ పెడితే దేవుడి గది తలుపు తెరుచుకోదు. మా అమ్మతో వాదించే ధైర్యం నాకు లేదు, అది అడుగు వెనక్కి పోయింది.

శబ్దాల మట్టం చూడడం రాత్రి 11 తర్వాతే కుదిరింది. పగలు కొండకు పోయే బస్సుల హారన్లు, వీధి చివర మైకు. ప్లేయర్ పంపే జోరువాన లాంటి శబ్దాన్ని ఫోన్‌లోని డెసిబెల్ యాప్‌తో సోఫాలో తల ఉండే చోట పట్టి చూశాను. అన్నీ 75 దగ్గరికి రావాలి. వెనక ఎడమది 79 చూపించింది, నాలుగు తగ్గించాను. ఫోన్ అంకె నిజం కాకపోయినా ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికొస్తుంది. వూఫర్‌కి మాత్రం పనికిరాదు, ఫోన్ మైకు కింది స్వరాలను సరిగా పట్టదు. దానికి చెవే గతి. డబుల్ బేస్ మెట్లుమెట్లుగా కిందికి దిగే ముక్క ఒకటి పెట్టి, ఏ మెట్టూ దబ్బున లేవకుండా, ఏదీ కుంగకుండా వచ్చేదాకా సర్దాను.

దూరాలు, మట్టాలు అన్నీ ఒక తెల్ల కాగితం మీద రాసి బల్ల తలుపు లోపల అతికించాను. దాని కింద మా ఆవిడ ఇంకో కాగితం అతికించింది, తన చేతిరాతతో: "సినిమాకి డీవీడీ మీట. తమ్ముడి డిస్కులకి మల్టీ మీట. సీరియల్ టైములో ఏదీ ముట్టుకోవద్దు."